ముంతాజ్ ఆపా ఇంటి మిట్ట

ముప్పై నాలుగేళ్లుగా మోటార్లు చుడుతున్నాను. ఆదోనిలో ఖలందర్ వైండింగ్ షాపు ఎక్కడని ఎవరినైనా అడగండి, చేయి పట్టుకుని తెచ్చి నా ముందు నిలబెడతారు. హాలహర్వి, దేవనకొండ, తుగ్గలి, ఎక్కడ బోరు మోటారు కాలినా ట్రాక్టర్‌లో వేసుకుని నా దగ్గరికే రావాలి. ఎనిమిది వందల అడుగుల కింది నుంచి నీళ్లు పైకి తెచ్చే మోటార్లు నా చేతిలో బాగుపడ్డాయి. అలాంటి నన్ను, గిన్నె మూతంత మోటారున్న ఒక బ్యాటరీ సైకిలు నడివీధిలో నిలబెట్టి పరువు తీసిందంటే ఒళ్లు మండదా? మీరే చెప్పండి.

మొదటి నుంచీ చెబుతాను, మధ్యలో అడ్డం రాకండి. నా భార్య పేరు బడేబీ. ఆమెకు ఒక్కతే అక్క, ముంతాజ్. మా ఇళ్లలో అక్కను ఆపా అంటాం. పెళ్లయిన నాటి నుంచి నాకూ ఆమె ముంతాజ్ ఆపానే. మా ఇల్లు కింద బజారు వైపు, ఆపా ఇల్లు పైన కొండ వైపు. మధ్యలో ఒక సందు, నిట్టనిలువు మిట్ట. ముప్పై ఆరేళ్లలో ఆ అక్కాచెల్లెళ్లు కలుసుకోని శుక్రవారం లేదు. కలిసి ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. పోయిన శుక్రవారం మాట్లాడిందే మళ్లీ మాట్లాడుకుంటారని నా అనుమానం.

మూడు నెలల కింద ఆపా స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కర్నూల్లో ఆపరేషన్ అయింది. మనవళ్లు మంచంతో సహా ఆమెను మిట్ట మీదికి మోసుకుపోయారు. మంచం దిగొద్దని డాక్టరు మాట. అదే నెలలో ఇంకో డాక్టరు మా బడేబీ మోకాళ్లు చూసి, మెట్లూ మిట్టలూ ఎక్కావంటే ఇక నడకే ఉండదన్నాడు. ఆపా దిగలేదు, ఈమె ఎక్కలేదు. ఆ సందులో ఆటో తిరగదు. ఆ మనవళ్లే, "నిన్ను గూడ మోసకపోతాం పా, చిన్నవ్వా" అంటే బడేబీకి కోపమొచ్చింది.

"నలుగురు మోసేదానికి నేనింగా సచ్చిపోల్యా" అంది.

ఇక మిగిలింది ఫోను. ఇద్దరికీ చెవులు సగమే పనిచేస్తాయి. ఇద్దరూ ఒకేసారి అరిచి, ఒకేసారి ఊరుకునేవాళ్లు. ఫోను పెట్టేశాక బడేబీ దుపట్టా కొసతో కళ్లు తుడుచుకునేది. నేను చూడనట్టు ఫ్యాను కాయిల్ విప్పుతూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఆమే నోరు తెరిచి అడిగింది. ఆమె నన్ను పేరు పెట్టి పిలవదు, మా పెద్దోడు రెహాన్ పేరుతోనే పిలుస్తుంది.

"రెహాన్ అబ్బా, ఒక్కసారి ఆపా మొగం సూపియ్యప్పా. ఫోన్లో గొంతు ఒకటే యింటే సాలదు."

ముప్పై ఆరేళ్లలో ఆమె నన్ను నోరు తెరిచి అడిగినవి నాలుగో అయిదో. అందుకే బ్యాటరీ సైకిలు కొన్నాను.

ఎమ్మిగనూరులో శేషప్ప అని నాకు పాతికేళ్ల స్నేహితుడు. సైకిళ్ల అంగడి వాడిది. ఇప్పుడు వెనక చక్రం నడుమ మోటారు బిగించి బ్యాటరీ సైకిళ్లు అమ్ముతున్నాడు. రెండు వందల యాభై వాట్లు, గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు దాటదు, లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదన్న మాట నాకు భలే నచ్చింది. బండి ఇస్తూ శేషప్ప అన్నాడు కదా: "ఖలందర్ భాయ్, ఇది ఒక మనిషి బండి. ఇద్దరు కూసోని మిట్ట ఎక్కద్దండి."

మోటార్ల సంగతి నాకు చెప్పేవాడయ్యాడు! "నీకు తెలిసింది పంచర్లు, నాకు తెలిసింది మోటార్లు. ఎవరి పని వాళ్లు సేసుకుందాం" అని నలుగురి ముందర అనేసి వచ్చాను. ఆ తర్వాత వాడు ఫోను చేయలేదు, నేనూ చేయలేదు.

మొదటి శుక్రవారం. బడేబీ తలకు నూనె రాసుకుని, దువ్వుకుని, డబ్బాలో సేమ్యా ఖీరు పోసుకుని వెనక కూర్చుంది. సందు మొదట్లో టీ అంగడి. దాని ముందు నుంచి దర్జాగా పోయాం. ఇరవై గజాలు పోయామో లేదో, బండి మూలిగింది, గునిసింది, ఆగింది. బడేబీ దిగాల్సి వచ్చింది. టీ అంగడి ముందు బెంచీ మీద పనీపాటా లేని వాళ్లు ఆరుగురు ఎప్పుడూ ఉంటారు.

"ఏం భాయ్, బోరు యెండిపోయినాదా?" అన్నాడు ఒకడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపం ఎవరి మీద చూపాలి? "నీ బరువుకే ఆగింది. దినామూ అన్ని బోండాలు తినద్దంటే యింటావా?" అని బడేబీ మీద పడ్డాను. ఆమె ఖీరు డబ్బా చంకలో పెట్టుకుని ఇంటిదాకా నడిచింది. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం ఒప్పుకోలేదు.

వారమంతా ఆ బండి మీద పడ్డాను. ఈ బళ్లలో కంట్రోలర్ అని ఒక డబ్బా ఉంటుంది. మోటారుకు ఎంత కరెంటు ఇవ్వాలో అది చూసుకుంటుంది. దాని లోపల కరెంటును కొలిచే వంకర తీగ ఒకటి ఉంది. దాని మీద సీసం కరిగించి పోసి లావు చేశాను. అప్పుడు కొలత తప్పుతుంది, ఎక్కువ పోతున్నా తక్కువే పోతోందనుకుని కంట్రోలర్ ఇంకా ఇస్తుంది. దొంగ కాటా పెట్టినట్టు అన్నమాట. రెండో శుక్రవారం సగం మిట్ట ఎక్కాం. అక్కడ ఒక వాసన వచ్చింది. ఆ వాసన నాకు అత్తరు కంటే బాగా తెలుసు, కాయిల్ కాలబోయే ముందు వచ్చే వాసన అది. దిగి మోటారు మీద చేయి పెట్టి, వెంటనే తీసి, చెవి తమ్మె పట్టుకున్నాను. బడేబీ మళ్లీ ఖీరు డబ్బాతో వెనక్కి నడిచింది.

సరే, వేడి. వేడి సంగతి నాకు చెప్పక్కర్లేదు. బోరు మోటారు ఎంత పని చేసినా ఎందుకు కాలదు? లోపల నూనో నీళ్లో నిండి ఉంటాయి, వేడిని అవి తీసుకుంటాయి. అయితే దీనికీ నూనె పోద్దాం! చక్రం ఊడదీశాను, మోటారు మూత తెరిచాను, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ నింపి, మూత చుట్టూ పేస్టు పూసి బిగించాను. అంతా అయ్యాక ఇరుసు దగ్గరి ఇనుప పట్టీ ఒకటి మిగిలింది. అందం కోసం పెట్టి ఉంటాడనుకుని సొరుగులో వేశాను. రిపేరు తర్వాత ఒకటో రెండో మిగలడం మా పనిలో మామూలే.

బడేబీ పక్కన నిలబడి చూస్తోంది. "నూనె కారదా?" అంది.

"నాకే సెప్తావా? ముప్పై నాలుగేండ్ల సర్వీసు!" అన్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. బోరు మోటారుకు నూనె కారినా అడిగే దిక్కు లేదు, అది భూమిలో ఉంటుంది. సైకిలు మోటారు పక్కనే బ్రేకు పళ్లెం ఉంటుంది.

మూడో శుక్రవారం, అబ్బబ్బ, ఏం ఎక్కింది బండి! టీ అంగడి ముందు నేను గంట కూడా కొట్టాను. బెంచీ మీది ఆరుగురూ లేచి నిలబడ్డారు. నడిమిట్టలో హుసేనమ్మ పరుపుల అంగడి ఉంది. ఆమె వాకిట్లో ఏకిన దూది కుప్ప పోసుకుని కూర్చుంది, దాన్నీ దాటాం. ఆఖరి మలుపు కూడా తిరిగాం. ఎదురుగా ఆపా ఇల్లు. ఆకుపచ్చ పరదా గాలికి ఊగుతోంది.

"ఆపా! వస్తాండా! ఆపా!" అని బడేబీ వెనక నుంచి ఒకటే కేక.

సరిగ్గా అప్పుడే టక్‌మని చప్పుడైంది. వెనక ఏదో మెలి తిరిగి తెగింది. మోటారు చచ్చిపోయింది. ఒక్క క్షణం నిలబడిన బండి నెమ్మదిగా వెనక్కి బయల్దేరింది. వెనక బ్రేకు పట్టాను, వెన్న మీద పట్టినట్టు జారిపోయింది. ముందు బ్రేకు పట్టాను, ముందు చక్రం ఆగింది గాని బండి ఆగలేదు. రెండు కాళ్లూ నేలకు ఆనించాను, చెప్పులు రెండూ అక్కడే ఉండిపోయాయి, మేము మాత్రం వచ్చేశాం. బడేబీ కలిమా చదువుతోంది. నేను చదివింది ఇక్కడ చెప్పలేను.

వచ్చి వచ్చి హుసేనమ్మ దూదిలో పడ్డాం. అల్లా దయ, ఎముకలకేమీ కాలేదు. ఖీరంతా నా మీదే పడింది. దాని మీద దూది అంటుకుంది.

"ఎవరప్పా అది? అంగడికి వచ్చేటోళ్లు మొగం సూపించి రావల్ల గానీ, యీపు సూపించి వచ్చేదేంది?" అంది హుసేనమ్మ.

బెంచీ మీది ఆరుగురూ పరుగెత్తుకొచ్చారు. నవ్వలేక నవ్వు ఆపుకోలేక చస్తున్నారు. నాకూ నవ్వొచ్చేదే, బడేబీ వైపు చూడకపోయుంటే. ఆమె దూదిలో కూలబడి ఏడుస్తోంది. దెబ్బ తగిలి కాదు. పైన మలుపు వైపు చేయి చూపిస్తూ ఏడుస్తోంది.

"పరదా గూడ కండ్లబడె గదప్పా. పది అడుగులు. పది అడుగుల్లో ఆపా ఉండె" అంది.

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. ఆ పొద్దు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. మోటారు విప్పి చూశాను. ఇరుసు తన గాడిలోనే గుండ్రంగా తిరిగిపోయి, దాని గుండా వచ్చే తీగల్ని మెలిపెట్టి తెంపేసింది. ఎందుకు తిరిగిందో నాకు అర్థం కాలేదు. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి, ఒక మోటారు ముందు కూర్చుని నాకు అర్థం కాలేదని పైకి అన్నాను. వంటింట్లోంచి బడేబీ విన్నది.

"శేషప్ప కాడికి పోదాం. నేను గూడ వస్తా. నిన్నొక్కణ్ణే పంపిస్తే ఆడ గూడ కొట్లాడి వస్తావు" అంది.

మంగళవారం ఎమ్మిగనూరు బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బడేబీకి టికెట్ లేదు. నాకు టికెట్, చక్రానికి లగేజీ. చక్రాన్ని గోనెసంచిలో చుట్టి కాళ్ల మధ్య పెట్టుకున్నాను. సగం దారి పోయాక కండక్టరు కిందికి చూసి "డ్రైవరన్నా, ఆపు ఆపు! బండికి నూనె కారుతాంది!" అని అరిచాడు. బస్సు ఆగింది. డ్రైవరు దిగాడు, బానెట్ ఎత్తాడు, బస్సు కింద దూరాడు. నలుగురు ప్రయాణికులు దిగి తలా ఒక సలహా ఇచ్చారు. నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. అలాగే గడిచిపోయేది. బడేబీ ఊరుకోదే!

"అన్నా, నూనె బస్సుది కాదు, మా ఆయనది" అంది.

బస్సు బస్సంతా నా వైపు తిరిగింది. మిగతా దారంతా ఆ గోనెసంచి నా ఒళ్లో ఉంది, నూనె నా లుంగీలో ఉంది.

శేషప్ప నన్ను చూసి తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. వాడు నవ్వి, మూడు టీలు చెప్పి, చక్రం కిందికి బొచ్చె పెట్టి మూత విప్పాడు. నూనె బొళబొళా కారింది. వాడు దాని వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"భాయ్, దీన్నేమన్నా బోర్లో దించితివా?"

"యేడెక్కకుండ పోసినా."

"అది సరే. ఇరుసు కాడ ఒక పట్టీ ఉండల్ల గదా, యాడ?"

"సొరుగులో ఉండాది."

శేషప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. ఈసారి నవ్వలేదు. "నీ బోరు మోటార్ల ఒళ్లు నిలబడి ఉంటాది, ఇరుసు తిరుగుతాది. దీన్లో ఇరుసు నిలబడల్ల, ఒళ్లు తిరగల్ల. మోటారు చక్రాన్ని ఎంత బలంగా ముందుకు తోస్తాదో, ఇరుసు గూడ అంతే బలంగా ఎనక్కి తిరగాలని సూస్తాది. దాన్ని పట్టుకునేదే ఆ పట్టీ. నువ్వు పట్టీ తీసి కరెంటు పెంచినావు. బడేబీ అక్క బతికి ఉండేది మీ అదృష్టం."

ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు చూడండి! మోటారు అంటే ఒళ్లు కదలదు, ఇరుసు తిరుగుతుంది. ముప్పై నాలుగేళ్లుగా అదే నా చేతికి అలవాటు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. "సరే, నువ్వే గెలిచినావు. ఇప్పుడు మిట్ట ఎక్కేదెట్ల, అది సెప్పు" అన్నాను.

"ముందు బరువు తెలియల్ల. రాండి" అన్నాడు.

పక్కనే వేరుశనగ కాయల మండీ. అక్కడి హమాలీ ఉచ్చీరప్ప మూటలు తూకం వేస్తున్నాడు. శేషప్ప ముందు బడేబీని కాటా ఎక్కమన్నాడు. ఆమె బురఖా సర్దుకుని ఎక్కింది.

"యాభై ఒకటి!" అని ఉచ్చీరప్ప మండీ అంతా వినబడేలా అరిచాడు. అరవడం వాడి అలవాటు, మూటలకు అలాగే అరుస్తాడు.

తర్వాత నేను ఎక్కాను. ఉచ్చీరప్ప అంకె చూశాడు, నన్ను దిగమన్నాడు, మళ్లీ ఎక్కమన్నాడు.

"తొంభై ఎనిమిది! రెండు మూటలప్పో!"

మండీలో ఉన్నవాళ్లంతా పని ఆపి చూశారు. బడేబీ మాత్రం నన్ను చూడలేదు. ఆకాశం వైపు చూస్తూ, "బోండాలు నేనే గదా తినేది" అని మెల్లగా అంది.

నేను గబగబా కాటా దిగాను.

శేషప్ప ఒక అట్ట ముక్క మీద లెక్క వేసి చూపించాడు. మేమిద్దరమూ కూర్చుంటే ఆ మిట్టకు అయిదు వందల వాట్ల దాకా కావాలి. అంత కరెంటు ఇస్తే ఈ మోటారు మాడుతుంది, బ్యాటరీ వేడెక్కుతుంది, బ్రేకులు చాలవు. పైగా బండి చట్టం కూడా దాటిపోతుంది. బడేబీ ఒక్కతే అయితే ఉన్న మోటారే చాలు.

"మోటార్ను ముట్టొద్దు భాయ్. చక్రం చిన్నది సేస్తా. అదే మోటారు, చిన్న చక్రం. వేగం తగ్గుతాది, లాగే బలం పెరుగుతాది. కంట్రోలర్ కొత్తది ఏస్తా, నీ సీసం వద్దు. తీగలు మార్చి, పట్టీ రెండు పక్కలా బిగిస్తా. యేడెక్కితే దానంతట అదే ఆగే బిళ్ల ఒకటి పెడతా. బ్రేకు రెండూ కొత్తవి. ఎవరు తొక్కుతారు, అది మాత్రం సెప్పండి."

"ఎవరేంది? నేనే. ఆమెను ఎనక..." అని, కాటా గుర్తొచ్చి ఆగిపోయాను.

"నేను తొక్కుతా" అంది బడేబీ.

నాకు నవ్వాగలేదు. "నువ్వా? సైకిలా?"

"హాలహర్విలో మా అబ్బా గాజుల మలారం కట్టుకోని ఊర్లు తిరుగుతాండె గదా, ఆ సైకిలు ఎవరు తొక్కుతాండ్రి అనుకొన్యావు? ఆయనకు కండ్లు మసక. పదకొండేండ్లప్పట్నుంచి నేనే తొక్కితి. ఆయన ఎనక కూసోని గాజులో గాజులని అరుస్తాండె. సిరుగుప్ప సంత దాకా పోతాంటిమి."

"నాకెప్పుడూ సెప్పల్యా?"

"నువ్వెప్పుడన్నా అడిగితివా?"

శేషప్ప అట్ట ముక్క వైపు చూస్తూ లెక్క మళ్లీ సరిచూసుకుంటున్నట్టు నటించాడు. ముప్పై ఆరేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. ఈమె చేతి ఖీరులో యాలకులు ఎన్ని పడతాయో చెప్పగలను. ఈమె ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తండ్రిని ఎక్కించుకుని సైకిలు తొక్కిందని మాత్రం ఆ రోజు, వేరుశనగ మూటల మధ్య, నాకు తెలిసింది. మూట మీద చల్లారుతున్న టీ ఎత్తి తాగేశాను. అది శేషప్ప వెంట తెచ్చుకున్న టీ.

మిగతా బండిని కూడా ట్రాక్టర్‌లో శేషప్ప దగ్గరికి పంపాను, గురువారానికి తయారైంది, మేము మళ్లీ ఎమ్మిగనూరు పోయాం. చిన్న చక్రాలు, మార్చిన పొట్టి ఫ్రేము, కాళ్లు నేలకు ఆనేంత తక్కువ ఎత్తు సీటు, మోకాళ్లకు పని లేకుండా చేతిపిడి తిప్పితే పోయే ఏర్పాటు. బురఖా చక్రంలో పడకుండా రెండు పక్కలా జాలీ కట్టాడు శేషప్ప. ముందు నేను ఎక్కి చూశాను. మోకాళ్లు రెండూ హ్యాండిల్‌కు తగిలి తిప్పడానికే రాలేదు. వాడు కావాలనే అలా చేశాడని ఇప్పటికీ నా నమ్మకం. బడేబీ ఎక్కింది. మొదట పది గజాలు పాము నడక నడిచింది. నేను "పట్టుకో, పట్టుకో" అని వెంట పరుగెత్తాను. తర్వాత సర్దుకుంది. చేనేత కాలనీ వైపు సందులోకి తిరిగి కనబడకుండా పోయింది. అయిదు నిమిషాలకు ఇంకో సందు నుంచి, ముఖం ఎర్రబారి, నవ్వుతూ వచ్చింది. పెళ్లప్పుడు కూడా ఆమె అలా నవ్వలేదు. పెళ్లప్పుడు నవ్వకూడదు కూడా అనుకోండి.

నాలుగో శుక్రవారం వచ్చింది. ఈసారి ఆమె ముందు బండి మీద, నేను వెనక కాలినడకన. బండి వెనక్కి జారితే చక్రం కింద పెట్టడానికి చేతిలో ఒక ఇటుక పట్టుకున్నాను. ఇంజనీరు అన్నాక జాగ్రత్త ఉండాలి.

"ఎవర్ని కొట్టనీకి పోతాండావు భాయ్?" అన్నారు బెంచీ మీది నుంచి.

"మీలో ఎవరన్నా నవ్వితే వాణ్ణి" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు. బండి మూలగలేదు, వాసన రాలేదు. సన్నగా గుయ్‌మంటూ, తొందరేం లేనట్టు ఎక్కుతోంది. హుసేనమ్మ మమ్మల్ని చూసి దూదంతా గబగబా లోపలికి లాక్కుంది. సగం మిట్టకే నాకు ఆయాసం వచ్చింది. "మెల్లగ పో! ఆగు!" అని అరిచాను. ఆమె ఆగలేదు. మిట్ట మీద బండి ఆపకూడదని శేషప్ప చెప్పాడట. ఆఖరి మలుపులో నల్ల బురఖా కొస ఒక్కసారి కనబడి మాయమైంది. నేను ఇటుక పట్టుకుని ఒక అరుగు మీద కూలబడ్డాను.

ఊపిరి తీసుకుని పైకి పోయేసరికి బండి ఆపా వాకిట్లో గోడకు ఆనించి ఉంది. మోటారు మీద చేయి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. పరదా తీసి లోపలికి తొంగి చూశాను. ఆపా మంచం మీద పడుకుని ఉంది. బడేబీ మంచం పక్కన కూర్చుని అక్క చేయి తన చెంపకు ఆనించుకుని ఉంది. ఇద్దరూ మాట్లాడటం లేదు. ఆ ఇద్దరూ ఒకచోట ఉండి మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ముంతాజ్ ఆపా నన్ను చూసింది. "ఇటుక ఎందుకప్పా తెచ్చినావు?"

"ఊరికే" అన్నాను.

"మూడు నెల్లుగా నిన్ను తిట్టుకుంటా పండుకొన్యా, సెల్లెల్ని తీసకరాల్యా అని. ఇప్పుడు అదే తొక్కుకోని వచ్చె. ఇంగ పది దినాలు దీన్ని పంపను."

"పది దినాలా? మరి నాకు అన్నం?"

"నీకు ముప్పై ఆరేండ్లు పెట్టినాది. నాకు పది దినాలు పెట్టనీ."

బడేబీ వైపు చూశాను, ఏమైనా అంటుందేమోనని. ఆమె అక్క జుట్టు చిక్కు తీస్తోంది. "బండి ఈడనే ఉండనీ. ఆపాకు మందులు తేవల్ల, కూరగాయలు తేవల్ల. దిగేటప్పుడు మెల్లగ పో, పడతావు" అంది.

దిగాను. ఒంటరిగా దిగాను. ఒక మనిషిని అక్క దగ్గరికి చేర్చడానికి నాలుగు శుక్రవారాలు కష్టపడితే దక్కింది ఇది. నా మీద నాకే జాలేసింది. కానీ నిజం చెప్పొద్దూ, ఎమ్మిగనూరు సందులోంచి వచ్చినప్పటి ఆ నవ్వు గుర్తొచ్చి దారి పొడుగునా నేనూ నవ్వుకుంటూనే దిగాను.

మరుసటి పొద్దున టీ పెట్టుకుందామని వంటింట్లోకి పోయాను. డబ్బాలు ఇరవై ఉన్నాయి, అన్నీ ఒకే రకం. మూతలు తీసి చూస్తే దేనిలో ఏముందో ఒక్కటీ నేననుకున్నట్టు లేదు. ఫోను చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది. గాలి హోరు, ఎవరిదో హారను, మధ్యలో గుయ్‌మని మోటారు చప్పుడు.

"టీ పొడి యాడుండాది?" అన్నాను.

"రెహాన్ అబ్బా, బండి మీదుండాను. పెట్టేయ్."

అదే ఎమ్మిగనూరు నవ్వు నవ్వి పెట్టేసింది. పొద్దున ఏడు గంటలకు మందుల అంగళ్లు తెరవరు, కూరగాయల మార్కెట్టుకైతే మా ఇంటి ముందు నుంచే పోవాలి, బండి చప్పుడు నాకు వినబడలేదు. మరి ఈమె ఎక్కడికి పోతోంది? అడుగుదామని మళ్లీ చేశాను. ఎత్తలేదు.